రక్తం మీద పనిచేసినాయనకి కాలేయ వైరస్ ఎలా దొరికింది?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. హెపటైటిస్-బి వైరస్‌ని పట్టుకున్న బ్లంబర్గ్ కాలేయ వైద్యుడు కాదంటారు, మరి రక్తం, కాలేయం, క్యాన్సర్ మూడింట్లోనూ ఆయన పేరే ఎందుకు వినిపిస్తుంది అన్నది ఒకటి. రక్తదానం చేసిన మీ అన్నయ్యకి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి పట్టే రక్తపరీక్ష) రియాక్టివ్ అని ఫోనొచ్చింది, ఇంట్లో అందరూ హడలిపోతున్నారు అన్నది రెండోది. నేను డాక్టర్ని కాదండీ. చాలా ఏళ్లుగా బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ ఫోన్లు వెళ్లే గదిలోనే కూర్చుంటాను.

చిన్న ల్యాబుల్లో ఈ పరీక్ష కార్డు మీద చేస్తారు. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే పలచటి ద్రవం) చుక్కలు వేసి పావుగంట ఆగితే ఒక గీత వస్తే నెగెటివ్, రెండొస్తే రియాక్టివ్. ఆ రెండో గీతకి తాతలాంటి గీత ఒకటుంది. 1963లో అమెరికాలో పడింది.

బారూక్ బ్లంబర్గ్ 1925లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ముందు ఫిజిక్స్, కొన్నాళ్లు లెక్కలు, ఆ తర్వాత మెడిసిన్. వైద్యవిద్యార్థిగా సురినామ్‌లో ఒక గనుల ఊరికి వెళ్లాడు. అక్కడ జావావాళ్లు, ఆఫ్రికా మూలాలవాళ్లు, చైనావాళ్లు, మన దేశం నుంచి వెళ్లినవాళ్లు అందరూ ఒకేచోట పనిచేసేవాళ్లు. దోమలూ అవే, బోదకాలు పురుగూ అదే. జబ్బు మాత్రం ఒక్కో జాతివాళ్లని ఒక్కోలా పట్టింది. ఎందుకు అన్న ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు. జవాబు రక్తంలోని ప్రొటీన్ల తేడాల్లో ఉంటుందనుకుని దేశదేశాల రక్తం పోగేశాడు.

ఇక్కడ ఆయన వేసిన ఎత్తు నాకు భలే ఇష్టం. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) లాంటివి ఉన్నవాళ్లకి లెక్కలేనన్నిసార్లు రక్తం ఎక్కిస్తారు. తమలో లేని ప్రొటీను పరాయి రక్తంలో వస్తే వాళ్ల ఒంట్లో దాన్ని పట్టుకునే యాంటీబాడీ పుడుతుంది. అంటే వాళ్ల సీరమే ఒక వేగులవాడన్నమాట. అగార్ జెల్ మీద చిన్న గుంటలు చేసి, మధ్యలో ఈ సీరం, చుట్టూ రకరకాల మనుషుల సీరం పోసి ఉంచుతారు. రెండూ పాకి కలిసినచోట పొంతన కుదిరితే సన్నటి గీత కడుతుంది. న్యూయార్క్‌కి చెందిన ఒక హీమోఫీలియా రోగి సీరానికీ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరానికీ మధ్య అలా గీత పడింది. అప్పటిదాకా చూసిన కొవ్వు ప్రొటీన్ల గీతల్లా కాకుండా ఇది రంగు వేస్తే ఎర్రగా తేలింది. యాంటీబాడీ పట్టుకునే పదార్థాన్ని యాంటిజెన్ అంటారు, అందుకే దీనికి 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అని పేరు పెట్టారు. ఆ పనిలో ఆయనతో ఉన్న హార్వే ఆల్టర్‌కి తర్వాతెప్పుడో 2020లో హెపటైటిస్-సికి నోబెల్ వచ్చింది.

అదేమిటో మాత్రం వాళ్లకి తెలీదు. ఆరోగ్యంగా ఉన్న అమెరికన్లలో వెయ్యిమందిలో ఒకరికి కనిపిస్తే, లుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల్లో పదిమందిలో ఒకరికి కనిపించింది. దాంతో 1965లో రాసిన వ్యాసంలో దాన్ని లుకేమియాతోనే ముడిపెట్టారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి లుకేమియా ఎక్కువగా వస్తుంది కాబట్టి వాళ్లనీ పరీక్షించారు. పెద్ద పెద్ద వసతిగృహాల్లో కలిసి ఉండేవాళ్లలో చాలామందికి ఉంది, అప్పుడే పుట్టిన పసివాళ్లలో దాదాపు లేదు. పుట్టుకతో వచ్చే గుణమైతే అలా ఉండదు కదా! ఈలోగా, మొదటిసారి నెగెటివ్ వచ్చిన కుర్రాడొకడికి మళ్లీ చేస్తే పాజిటివ్ వచ్చింది. కాలేయం పరీక్షలు చేస్తే హెపటైటిస్, అంటే కాలేయం వాపు. ఆ యాంటిజెన్ హెపటైటిస్-బి వైరస్ పైతొడుగేనని తర్వాత తేలింది, ఇప్పుడు హెచ్‌బీఎస్‌ఏజీ అనేది దాన్నే.

ఆ తర్వాత జరిగింది చదివినప్పుడల్లా నాకు చెయ్యి వణుకుతుంది. 1967లో ఆ ల్యాబు టెక్నీషియన్ బార్బరా వెర్నర్‌కి ఒంట్లో బాగోలేదు. అనుమానమొచ్చి తన సీరం తనే పెట్టుకుంది. పొద్దున్నే చూస్తే సన్నగా గీత. తర్వాత కామెర్లు తేలాయి, పూర్తిగా కోలుకుంది కూడా.

నాదీ అలాంటి కథే, కాకపోతే గీత పడలేదు. 2003లో ట్రైనింగ్‌లో ఉండగా వాడిన సూదికి మూత పెట్టబోతే ఎడమ బొటనవేలికి దిగింది. సాయంత్రానికి ఆ పేషెంటు రిపోర్టు రియాక్టివ్. ఆ ల్యాబువాళ్లు ట్రైనీలెవరికీ టీకా వేయించలేదు, 'పర్మనెంటువాళ్లకే' అన్నారు. సీనియర్ మేడమ్ ఒకావిడ చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్), టీకా మొదటి డోసు వేయించింది. నాన్న చిట్టీ డబ్బులు వాటికే పోయాయి. ఆర్నెల్లు నా సీరం నేనే పెట్టుకుని ఆ పావుగంట గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

ఇక క్యాన్సర్ సంగతి. మా బాబాయికి కామెర్లని రెండు నెలలు పసరు పోయించారు, చప్పిడి పత్యం పెట్టారు. కడుపు ఉబ్బాక పట్నం తీసుకెళ్తే కాలేయ క్యాన్సర్, వెనక హెపటైటిస్-బి. అప్పటికే ఆలస్యం. ఈ రెండింటి సంబంధాన్ని తైవాన్‌లో పామర్ బీస్లీ 22,707 మంది మగవాళ్లని ఏళ్లతరబడి గమనించి తేల్చాడు. వైరస్ మోస్తున్నవాళ్లకి కాలేయ క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే 200 రెట్లకు పైగా ఉందని 1981లో చెప్పాడు. 1984లో తైవాన్ పసిబిడ్డలకి టీకా మొదలుపెట్టింది, కొన్నేళ్లకి అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి దిగింది. దీన్ని క్యాన్సర్‌ని ఆపిన మొదటి టీకా అనేది అందుకే.

ఆ టీకా మూలమూ బ్లంబర్గ్ ల్యాబే. వైరస్ మోసేవాళ్ల రక్తంలో దాని పైతొడుగు ముక్కలు ఖాళీగా, కుప్పలుగా తిరుగుతుంటాయి, వాటినే వడగట్టి టీకా చేయొచ్చని ఆయనా, ఇర్వింగ్ మిల్‌మనూ 1969లో పేటెంటుకి పెట్టారు. రక్తంతో చేసిన టీకా 1981లో, ఈస్టులో పెంచినది 1986లో అమెరికాలో అనుమతి పొందాయి. నోబెల్ 1976లోనే వచ్చేసింది. మనకి మాత్రం విదేశీ టీకా ధర అందేది కాదు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో సొంతంగా తయారుచేసి తెచ్చాకే ధర నేలకి దిగింది. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ అన్నది ఇంకో విచిత్రం. (బ్లంబర్గ్ కూడా చివర్లో నాసాలో వేరే గ్రహాల మీద ప్రాణి కోసం వెతికాడు, 2011లో నాసా ఆవరణలోనే పోయాడు. ఎక్కడ కుదురుగా ఉన్నాడని!)

ఇప్పుడు మీ అన్నయ్య. రియాక్టివ్ అంటే వైరస్ ఉండొచ్చని, అంతే. కాలేయం చెడిపోయిందని కాదు. గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లి మళ్లీ నిర్ధారించుకోండి. ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతిందా చూసే పరీక్ష), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), స్కానింగ్ ఆయనే రాస్తారు. కొందరికి మాత్రలు అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలు. టెనోఫోవిర్ లాంటి వైరస్‌ని అణిచే మాత్ర మొదలుపెడితే మాత్రం బాగుందని సొంతంగా ఆపొద్దు, ఆపితే ఎగదన్నుతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఈ మందులు ఉచితం. అది మొదలైంది 2018 జులై 28న, బ్లంబర్గ్ పుట్టినరోజున. పసరు మందు జోలికి వెళ్లకండి. మందు కూడా మానేయమనండి, ఆ 'మందు'!

కంచం, గ్లాసు వేరు చేయకండి. కలిసి తింటే, తాకితే అంటదు. మా పిన్ని బాబాయి కంచం ఆయన పోయేదాకా పెరట్లో విడిగా కడిగేది, ఆ చప్పుడు ఇంకా గుర్తుంది. బ్లేడు, బ్రష్షు మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, నెగెటివ్ వచ్చినవాళ్లకి మూడు డోసుల టీకా వేయించండి.

మీ వదినగారు కడుపుతో ఉన్నారని రాశారు. ఆవిడ పరీక్ష ఈ వారమే చేయించండి. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదుగురికి పైగా దానంతటదే పోతుంది, పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి తొంభైమంది బిడ్డల్లో తిష్ఠ వేస్తుంది. ఆవిడకీ రియాక్టివ్ వస్తే కాన్పుకి ముందే డాక్టరుకి చెప్పి, పుట్టగానే బిడ్డకి వేయాల్సిన ఇమ్యూనోగ్లోబులిన్ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉందో లేదో మీరే వెళ్లి అడగండి. అర్ధరాత్రి కాన్పయితే దాని కోసం మందుల షాపుల చుట్టూ తిరిగిన తండ్రుల్ని నేను చూశాను. ఆవిడకి నెగెటివ్ వచ్చినా సరే, బిడ్డకి 24 గంటల్లోపు టీకా మొదటి డోసు పడాలి.