పాఠకుల ప్రశ్నలు: మే నెలలో నల్లగొండ

పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడిందేమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నల్లగొండ ప్రయాణం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఈ ఊళ్ళోనే ఇల్లు కట్టుకొని ఉంటున్నవాణ్ణి కనుక సంపాదకులు వాటన్నింటినీ నా బల్ల మీదే పెట్టారు.

ప్రశ్న: మా అన్నయ్య కూతురి పెళ్ళి మే రెండో వారంలో నల్లగొండలో జరుగుతుంది. పెళ్ళికి ముందొక రోజు, తరువాత ఒక రోజు మాకు ఖాళీ ఉంటుంది. డెబ్బై రెండేళ్ళ మా అత్తగారూ, ఇద్దరు పిల్లలూ వెంట ఉంటారు. మాది సముద్రతీరం కాబట్టి ఎండ మాకు కొత్త కాదు, అయినా చుట్టాలందరూ భయపెడుతున్నారు. ఊరు చూడవచ్చా, గదిలోనే కూర్చోవాలా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చూడవచ్చునమ్మా, అయితే “ఎండ మాకు కొత్త కాదు” అన్న ధీమాను మాత్రం ఇంట్లో వదిలి రండి. మీ తీరంలో ఎండకు ఉక్క తోడవుతుంది. ఒళ్ళంతా చెమటతో తడిసిపోతుంది కనుక నీళ్ళు తాగాలన్న సంగతి దానంతటదే గుర్తుకు వస్తుంది. ఇక్కడి గాలిలో తేమ తక్కువ. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లోంచి పోయిన నీటి లెక్క మనకు తెలియదు. కోస్తా నుంచి వచ్చిన బంధువులు మొదటిరోజు మధ్యాహ్నం “అంత వేడిగా ఏమీ లేదే” అని బజారులో తిరిగి, సాయంత్రానికి తలనొప్పితో మంచం పట్టడం మా ఇంట్లోనే రెండుసార్లు చూశాను. దాహం వేసేదాకా ఆగకుండా గంటకొకసారి నీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగో తాగించండి. పెద్దావిడ కోసం ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉంచుకోండి. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని ఇక్కడ ఎవరైనా చెబితే మర్యాదకు తీసుకోండి గాని దాన్ని నమ్ముకొని బయలుదేరకండి. మాట తడబడి, ఒళ్ళు కాలిపోతూ ఉంటే మాత్రం అది ఇంటి వైద్యంతో తగ్గేది కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు నమోదు కావడం వింత కాదు. ఊరికి రెండు వైపులా లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట ఉన్నాయి, రెండూ చెట్టు పలుచన, రాయి ఎక్కువ. పగలంతా కాగిన బండ ఆ వేడిని రాత్రి తొమ్మిది, పది గంటల దాకా విడుస్తూనే ఉంటుంది. డాబా ఇళ్ళ స్లాబు చేసే పనీ అదే. అందుచేత లాడ్జిలో గది తీసుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడగడంతో ఆగకుండా, అన్నింటికంటే పై అంతస్తు గది మాత్రం వద్దని చెప్పండి. కరెంటు పోయిన పది నిమిషాల్లో ఆ తేడా మీకే తెలుస్తుంది. ఏసీ దొరకకపోతే వట్టివేళ్ళ తడక ఉన్న కూలరైనా ఫరవాలేదు. మీ ఊళ్ళో కూలరు పెట్టుకుంటే జిడ్డు పెరగడమే తప్ప చల్లదనం ఉండదు, ఇక్కడి పొడిగాలిలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇక తిరిగే వేళలు. ఉదయం ఆరుకల్లా బయటపడి ఎనిమిదిన్నరకు గదికి చేరండి, మళ్ళీ అయిదు దాటాక బయలుదేరండి. ఉదయం ఊరి పక్కనున్న పానగల్లు గుళ్ళు, సాయంత్రం ఉదయ సముద్రం చెరువు కట్ట చూస్తే ఒక రోజుకు చాలు. లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గా నుంచి ఊరంతా కనిపిస్తుంది గాని ఆ మెట్లు మీ అత్తగారికి వద్దు, ఎక్కగలిగినవారు తెల్లవారుజామునే ఎక్కి రండి. గుళ్ళ దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. చెప్పులు గేటు దగ్గరే విడవాలి, తొమ్మిది దాటితే రాతి పరుపు అరికాళ్ళను కాలుస్తుంది. పిల్లలకు మందపాటి మేజోళ్ళు తొడిగి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనుక రోజంతా కదలని నీడ ఉంటుందని విన్నాను. సూర్యుడు కదులుతుంటే నీడ కదలకపోవడం ఎలా సాధ్యం? ఇది భక్తుల నమ్మకమా, నిజంగా కనిపించేదేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: నిజంగా కనిపించేదే. ఈ అనుమానంతోనే నేనొకసారి చలికాలంలో ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగు దాటాక, మూడుసార్లు వెళ్ళి చూశాను. గర్భగుడి వెనుక గోడలో రెండు రాళ్ళు కలిసే అతుకును గుర్తుగా పెట్టుకున్నాను. లింగం వెనుక నిలువుగా, స్తంభమంత వెడల్పున ఉండే ఆ చీకటి పట్టీ మూడుసార్లూ ఆ అతుకు పక్కనే ఉంది. మారిందల్లా దాని చిక్కదనమే: మధ్యాహ్నం ముదురుగా, సాయంత్రం పలుచగా కనిపించింది.

మీ సందేహమంతా “సూర్యుడు కదులుతుంటే” అన్న మాట దగ్గర ఉంది. ఆరుబయట పాతిన కర్ర నీడ కదులుతుందంటే, దాని మీద ఎండ సూటిగా పడుతున్నందువల్ల కదులుతుంది. ఈ గర్భగుడిలోకి ఎండ సూటిగా రాదు. బయటి వెలుగు మండపపు తెరపుల గుండా వచ్చి, నేల మీదా రాళ్ళ మీదా పడి, చెదిరి లోపలికి చేరుతుంది. అంటే లోపలి గోడకు సంబంధించినంతవరకు దీపం సూర్యుడు కాదు, ఆ తెరపులే. తెరపులు కదలవు, వాటికీ గోడకూ మధ్యనున్న స్తంభాలు కదలవు. పలువైపుల నుంచి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకొన్నప్పుడు గోడ మీద అన్నింటికంటే తక్కువ వెలుగు పడే చోటు ఏదో అదే మనకు నీడగా కనిపిస్తుంది, అది రోజంతా అక్కడే ఉండిపోతుంది. సూర్యుడి స్థానాన్ని బట్టి వెలుగు హెచ్చుతగ్గులు అవుతుంది గనుక నీడ చిక్కబడటం, పలుచబడటం మాత్రం ఉంటుంది. ఇంట్లో ఉత్తరపు కిటికీ ఎదురుగా ఒక కుర్చీ వేసి, వెనుక గోడను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గమనిస్తే ఇదే సంగతి మోటుగా తెలుస్తుంది.

ఇలా వివరిస్తే గుడి గొప్పతనం తగ్గిపోతుందని కొందరు నొచ్చుకుంటారు. ఆ చీకటి సరిగ్గా లింగం వెనుకనే పడేటట్టు స్తంభాలను నిలిపిన శిల్పి లెక్కను తలచుకుంటే నాకు మాత్రం గౌరవం పెరుగుతుంది. గుడిని కట్టించినవారు కందూరు చోడులు, పానగల్లు వారి రాజధాని, కాలం 11, 12 శతాబ్దాలు. మూడు గర్భగుళ్ళు ఒకే మండపం చుట్టూ ఉన్న త్రికూటాలయం ఇది. ఊళ్ళోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయాన్ని కూడా వదలకండి. దాని గోడల మీద రామాయణ, భారత కథలు బారులుగా చెక్కి ఉంటాయి, పక్కనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. గడియారం సెంటరు నుంచి మూడు నాలుగు కిలోమీటర్లే కనుక ఆటో మాట్లాడుకోవచ్చు, తిరుగు ప్రయాణానికీ అదే ఆటోను ఆపుకోవడం మంచిది.

ప్రశ్న: నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. రెండు రోజులు అక్కడి నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు పాడవుతాయా? కాచి చల్లార్చిన నీళ్ళయితే ఫరవాలేదా?
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ముందుగా రెండో ప్రశ్న. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ అంతే మిగులుతుంది కాబట్టి ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది కూడా. ఇక మొదటిది: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ళ తరబడి, అదీ పళ్ళూ ఎముకలూ ఎదిగే వయసులో తాగడం వల్ల వచ్చే జబ్బు ఇది. రెండు రోజుల్లో ఏమీ కాదు.

మా జిల్లాకు ఈ పేరు ఊరికే రాలేదు. ఇక్కడి గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వానలు తక్కువై, చెరువులు ఎండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ ఆ రాళ్ళ మధ్య చాలాకాలం నిలవ ఉన్న నీరే తాగడానికి దిక్కయింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఒళ్ళు వంగిపోయి, నిటారుగా నిలబడలేక కర్ర పట్టుకు నడిచిన మనుషులను మా తరం వారందరం చూశాం. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తీసివేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970వ దశకంలో రూపొందించిన పద్ధతికి “నల్గొండ టెక్నిక్” అనే పేరు. పటికా సున్నమూ కొలత ప్రకారం నీళ్ళలో కలిపి గిలకొట్టి, మడ్డి అడుగుకు దిగాక పైనీరు వడగట్టుకోవడమే ఆ పద్ధతి. ప్రపంచంలో ఎక్కడెక్కడి పాఠ్యపుస్తకాల్లోనో మా ఊరి పేరు ఇలా చేరింది. దీనికి సంతోషించాలో బాధపడాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఇప్పుడు నల్లగొండ పట్టణానికి కృష్ణా నీరు వస్తుంది. కందూరు చోడుల నాటి ఉదయ సముద్రమే ఆ నీటిని నిలవ చేసే జలాశయంగా మారింది. చుట్టాల ఇంట్లో నల్లా నీళ్ళు ఇస్తే నిశ్చింతగా తాగండి. శుద్ధి చేయని బోరు నీరు ఉన్నచోట మాత్రం దాన్ని స్నానానికి వాడుకొని, తాగడానికి క్యాను నీరు అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, ఇక్కడ ఆ మాట అందరికీ అలవాటే.

ప్రశ్న: నల్లగొండలో ఉన్న మూడెకరాల పిల్లలమర్రి వృక్షం, పానగల్లు కోట ఒకే పూటలో చూడగలమా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీరు రెండు పేర్లూ పట్టుకున్నారు గాని రెండు ఊళ్ళూ జారిపోయాయండీ! మూడెకరాల్లో ఊడలు దింపి, సుమారు 700 ఏళ్ళుగా నిలిచి ఉన్నదని చెప్పుకునే మహావృక్షం మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. మా వైపు పిల్లలమర్రి సూర్యాపేట దగ్గరి గ్రామం. అక్కడ చూడవలసినవి కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు 13వ శతాబ్దం తొలినాళ్ళలో కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు. అలాగే పానగల్లు కోట వనపర్తి జిల్లాలో ఉంది, మా పానగల్లులో ఉన్నవి గుళ్ళూ చెరువూను. ఫోనులోని మ్యాపు కూడా ఈ పేర్ల దగ్గర తికమక పెడుతుంది కాబట్టి ఊరి పేరుతో పాటు జిల్లా పేరు కూడా కొట్టి వెతకండి.

చెట్టు చూడాలని ఉంటే మహబూబ్‌నగర్ ప్రయాణాన్ని విడిగా పెట్టుకోండి. చెదలు పట్టి, కొమ్మలు విరిగిపడటంతో 2017 చివరలో సందర్శకులను ఆపివేశారు. 2018లో ఆస్పత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్టుగా సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా చెదల మందును మాను లోపలికి పంపించారు. ఆ ఫోటోలు మీరు చూసే ఉంటారు.

ప్రశ్న: అదే ప్రయాణంలో నాగార్జునసాగర్ కూడా చూసి రావచ్చా? గేట్ల నుంచి నీరు దూకడం పిల్లలకు చూపించాలని ఉంది.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సాగర్ నల్లగొండకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. మే నెలలో మాత్రం మీరనుకున్న దృశ్యం కనిపించదు. ఎగువ నుంచి వరద వచ్చి జలాశయం నిండాకే ఆ 26 గేట్లను ఎత్తుతారు, అది ఎక్కువగా ఆగస్టు తరువాతి మాట. వేసవిలోనే వెళ్ళాలనుకుంటే సాగర్ దగ్గర 2022లో తెరిచిన బౌద్ధ ఉద్యానవనం బుద్ధవనానికి ఉదయమే వెళ్ళి ఎండ ముదరకముందే బయటపడండి. నాగార్జునకొండ ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు.

ప్రశ్న: నల్లగొండ బత్తాయిలు కొందామంటే అన్నీ పచ్చగానే కనిపిస్తున్నాయి. పండినదాన్ని గుర్తుపట్టడం ఎలా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రంగును మరిచిపోండి. నిమ్మజాతి కాయల తొక్క పసుపు తిరగడానికి రాత్రిళ్ళు చల్లబడాలి. వేడి ప్రాంతాల్లో లోపల రసం నిండినా పైతొక్క ఆకుపచ్చగానే ఉండిపోతుంది. రెండు చేతుల్లో రెండు కాయలు, దాదాపు ఒకే సైజువి, తీసుకొని తూచి చూడండి: ఏది బరువుగా తోస్తే దానిలో రసం ఎక్కువ. తొక్క గరుకుగా, మందంగా, గుంటలు గుంటలుగా ఉంటే లోపల పీచూ బెండే ఎక్కువ. నున్నగా, కొంచెం నూనె రాసినట్టు మెరుస్తూ, బొటనవేలితో నొక్కితే స్వల్పంగా లొంగే కాయను తీసుకోండి. ఏడాదికి రెండు కాపులు వస్తాయి. వేసవి కాపును రైతులు కత్తెర కాపు అంటారు. అది తక్కువ దిగుబడి కనుక ధర ఎక్కువ పలుకుతుంది, బేరమాడినా పెద్దగా దిగరు.

ఒక్క మాట: జ్యూస్ బండి దగ్గర ఐసు వద్దని చెప్పి, కాయలు మీ ఎదురుగానే కోయించుకోండి. గింజ నలిగితే రసం చేదెక్కుతుంది, అందుకే యంత్రంలో వేసి నలిపే బండి కంటే చేత్తో పిండే బండి దగ్గర నిలబడటం నా అలవాటు. ఊరికి తీసుకువెళ్ళేవాటిని ప్లాస్టిక్ కవరులో మూట కట్టకుండా గోనెసంచిలో వేసుకుంటే బస్సులో వేడికి కమిలిపోకుండా ఇంటికి చేరతాయి.