టెక్ సందేహాలు: వంద గంటల గేమ్, నలభై నిమిషాలకే బోర్!

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఆటల గురించే. ఎండాకాలం సెలవులు మరి! ప్రింటర్లు, ఆధార్ లింకుల సందేహాలు పంపినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టండి.

సార్, మాది మిర్యాలగూడ. డిగ్రీ సెకండియర్. దోస్తులంతా ఆర్పీజీ, ఆర్పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక పాత్రలో దూరి కథ నడిపించే ఆట) అంటుంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణం సేల్‌లో ఒకటి కొన్న. నలభై నిమిషాలకే బోర్ కొట్టింది. ఒకాయన పది తోడేలు తోళ్లు తెమ్మంటడు, ఇంకొకామె మందు మొక్కలు ఏరుకురమ్మంటది. దీనికేనా వంద గంటలు కూర్చునేది? అసలు మంచి ఆర్పీజీని ఎట్ల గుర్తుపట్టాలె? నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డ్ లేదు.

ముందు మీ డబ్బుల సంగతి. స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకపోతే, ఆడిన సమయం రెండు గంటల లోపే ఉంటే రీఫండ్ అడగొచ్చు. మీరు ఆడింది నలభై నిమిషాలే కాబట్టి తేదీ ఒక్కటి చూసుకుని వెంటనే అప్లై చేయండి.

ఇక అసలు ప్రశ్న. ప్రకటనల్లో మ్యాప్ ఎంత పెద్దది, ఎన్ని గంటల ఆట, గడ్డిపోచ కూడా ఎంత అందంగా ఊగుతుంది అని ఊదరగొడతారు. వాటితో నాకు పెద్దగా పని లేదు. నేను చేసిన పనిని ఆట గుర్తుపెట్టుకుంటుందా, లేదా? నేను ముందు చూసేది అదే. చిందు యక్షగానంలో జనంలోంచి ఎవరో ఒక మాట విసిరితే హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ అందుకుని తిరిగి అంటిస్తాడు చూశారా? కథ మారదు, కానీ ఆ మాట అన్నవాడు తెల్లారేదాకా కదలడు. ఆర్పీజీ పట్టు కూడా అలాంటిదే. పది తోళ్లు తెచ్చిచ్చినా ఇవ్వకపోయినా ఆ ఊళ్లో ఎవరికీ ఏమీ కాదనుకోండి, అప్పుడది ఆట కాదు, కూలిపని. అదీ జీతం లేని కూలి!

పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015లో తెచ్చిన 'ది విచర్ 3'నే తీసుకోండి. (ఆడబోయేవాళ్లు ఈ పేరా వదిలేయండి.) వెలెన్ అనే చిత్తడి ప్రాంతంలో ఒక పాత చెట్టు కింద ఒక ఆత్మ బందీగా ఉంటుంది. నన్ను విడిపిస్తే ప్రమాదంలో ఉన్న అనాథ పిల్లల్ని కాపాడతానంటుంది. నమ్మాలా, చంపాలా? విడిపిస్తే పిల్లలు బతుకుతారు. కానీ పక్క ఊరు నాశనమవుతుంది, మీరు అంతకుముందు నుంచి ఎవరి భార్య కోసం వెతుకుతున్నారో ఆ బారన్ (జమీందారు లాంటివాడు) ఇంట్లో రెండు చావులు. చంపేస్తే పిల్లలు దక్కరు. బారన్ భార్య బతుకుతుంది గానీ మతి చలించి ఉంటుంది, భర్త వైద్యం కోసం దూరం తీసుకుపోతాడు. చెట్టు దగ్గర నిలబడ్డప్పుడు ఇదేదీ తెలియదు. ఫలితం మన ముందుకు వచ్చేసరికి ఇంకో నాలుగు పనులు చేసేసి ఉంటాం, పాత సేవ్ తెరిచి వెనక్కి పోబుద్ధి కూడా కాదు. ఇక్కడ మంచి ఆప్షన్‌కు ఆకుపచ్చ రంగు, చెడ్డదానికి ఎరుపు రంగు పూసి పెట్టలేదు, అదీ దీని గొప్ప.

దీనికి ఉల్టా ఉదాహరణ కూడా ఉంది. మూడు ఆటలుగా సాగిన 'మాస్ ఎఫెక్ట్' కథ మొదటినుంచీ ఆటగాడి నిర్ణయాలను లెక్కగట్టుకుంటూ వచ్చింది. 2012లో మూడో భాగం ముగింపులో మాత్రం ఎవరు ఏం చేసి వచ్చినా దాదాపు ఒకేలాంటి సీన్లు చూపించింది. అభిమానులు ఎంత గోల చేశారంటే, ఆ జూన్‌లోనే ముగింపును పొడిగించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

రెండోది, ఎదుగుదల. బెథెస్డా వాళ్ల 'ఆబ్లివియన్' (2006) నాకు ఇష్టమైన ఆటే, కానీ అందులో ఒక పెద్ద తిక్క ఉంది. మన లెవెల్ పెరిగిన కొద్దీ శత్రువుల లెవెల్ కూడా పెరుగుతుంది. మొదట్లో చిరుగు బట్టలతో దారి కాచి వంద బంగారు నాణేలు అడిగిన దొంగ, మనం వీరులమయ్యాక వేల నాణేల ఖరీదు చేసే గాజు కవచం తొడుక్కుని వచ్చి మళ్లీ అదే వంద అడుగుతాడు! ఆ కవచం అమ్ముకుంటే వాడికి ఈ ఖర్మేంటి? 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' చూడండి. ఆట మొదలైన చోటే గుర్రం మీద ఒక బంగారు యోధుడు తిరుగుతుంటాడు. కొత్తగా వచ్చినవాడిని రెండు దెబ్బల్లో పడుకోబెడతాడు. మీరు పక్కనుంచి తప్పుకుని పోయి, ఎక్కడెక్కడో బలం పెంచుకుని తిరిగొస్తే అతను అదే బలంతో అక్కడే ఉంటాడు. మీరెంత ఎదిగారో అతన్ని చూస్తే తెలుస్తుంది. ఆ ఆటలో మాటల ఆప్షన్లు తక్కువే, అయినా పట్టు తగ్గదు.

వీటిలో 'విచర్ 3', 'ఎల్డెన్ రింగ్' లాంటివి మీ ల్యాప్‌టాప్‌కు సరిపడవు, ఆ టెన్షన్ వద్దు. 'అండర్‌టేల్' (2015) మొదలుపెట్టండి. పాతకాలపు వీడియో గేమ్ బొమ్మల్లా ఉంటుంది, ఏ డబ్బా కంప్యూటర్లోనైనా నడుస్తుంది. టోబీ ఫాక్స్ దాదాపు ఒక్కడే చేశాడు. ఇందులో ఎవర్నీ చంపకుండానే ఆట పూర్తి చేయొచ్చు. మొదట్లో మనల్ని తల్లిలా చూసుకున్న టోరియల్‌ను చంపేసి, మనసొప్పక పాత సేవ్ లోడ్ చేసి ఈసారి వదిలిపెట్టామనుకోండి. కాసేపటికి ఒక పువ్వు ఎదురై, నువ్వేం చేశావో నాకు తెలుసులే అన్నట్టు మాట్లాడుతుంది. నేను పైన చెప్పిన గుర్తుపెట్టుకోవడం ఇంతకన్నా సూటిగా ఇంకే ఆటలోనూ చూడలేదు.

అది నచ్చితే 'డిస్కో ఎలిసియం' (2019). కత్తి యుద్ధాలు ఉండవు. తాగి పేరు కూడా మర్చిపోయిన ఒక డిటెక్టివ్ హోటల్ గదిలో లేస్తాడు. పైన సీలింగ్ ఫ్యాన్‌కు చిక్కుకుని అతని టై గిరగిరా తిరుగుతుంటుంది. శరీర దారుఢ్యానికి పాయింట్లు పెట్టకుండా పాత్రను తయారు చేసుకుని ఆ టై లాగబోతే, గుండెపోటు వచ్చి ఆట అక్కడే అయిపోవచ్చు. మీరు పెట్టిన పాయింట్లకు ఆ గదిలోనే లెక్క తేలుతుంది.

కొన్నాక రీఫండ్‌కు వీలున్న ఆ రెండు గంటలు ఎలా వాడాలంటే, ముఖం దిద్దుకునే స్క్రీన్‌లో ముప్పావు గంట కూర్చోకండి. ముక్కు ఎలా ఉన్నా మీకు కనపడేది వీపే. మొదటి ఊళ్లోకి వెళ్లి ఎవరికైనా అబద్ధం చెప్పండి, ఒక పని చేయనని చెప్పండి. తర్వాత మళ్లీ వెళ్లి పలకరించండి. ఏమీ జరగనట్టే మాట్లాడితే రీఫండ్ నొక్కండి.

నేను వనపర్తిలో టీచర్‌ని. ఇంటర్ చదివే మా బాబు ఫోన్‌లో 'గెన్షిన్ ఇంపాక్ట్' ఆడుతున్నాడు. ఏదో క్యారెక్టర్ కావాలంటూ నా ఫోన్ నుంచి రెండుసార్లు పైసలు కట్టాడు. ఇంకా రాలేదంటాడు. మోసమా సార్?

మోసం అనలేం గానీ, లక్కీ డ్రా లాంటిది. మీరు డబ్బు పెట్టేది క్యారెక్టర్ కోసం కాదు, డ్రాలో చీటీ తీసే అవకాశం కోసం. ఈ ఆటలో ఒక్కో డ్రాకు 160 ప్రిమోజెమ్స్ అనే రాళ్లు కావాలి. 90 డ్రాల లోపు ఒక ఐదు నక్షత్రాల క్యారెక్టర్ ఖాయం. కానీ అది బాబు కోరుకున్నదే అవ్వాలని లేదు. అప్పటి బ్యానర్ (ఆ డ్రా ప్రకటన) మీద బొమ్మ ఉన్నవాడు కాకుండా ఇంకొకడు రావొచ్చు. అలా జరిగితే మళ్లీ మొదటినుంచి, అంటే 180 దాకా. ఆట నిజంగానే బాగుంటుంది, డబ్బు పెట్టకుండానే కథంతా ఆడొచ్చు. అందుకే తీసేయమని నేను చెప్పను.

చేయాల్సింది మీ ఫోన్‌లో ఉంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వెరిఫికేషన్ అడిగేలా పెట్టండి. అక్కడ సేవ్ అయి ఉన్న కార్డు తీసేయండి. యూపీఐ పిన్ బాబుకు తెలిసి ఉంటే ఈ రోజే మార్చండి. ప్లే స్టోర్‌లో నెలవారీ బడ్జెట్ పెట్టుకునే సౌకర్యం ఉంది కానీ అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు. కట్టి 48 గంటలు దాటకపోతే గూగుల్‌ను రీఫండ్ అడిగి చూడండి.

తర్వాత బాబుతో కూర్చుని, ఇప్పటిదాకా పెట్టిన పైసలకు ఎన్ని డ్రాలు వచ్చాయో కాగితం మీద లెక్క వేయించండి. మీకు లెక్కల సబ్జెక్టయితే ఇంకా మంచిది, ఇంటర్‌లో ప్రాబబిలిటీ ఎలాగూ ఉంది.

నాది నల్గొండ. ఇంగ్లిష్ అంతంత మాత్రమే. డైలాగులు చదివేలోపే మాయమవుతున్నాయి. తెలుగులో ఆర్పీజీలు లేవా?

నేను ఆడిన పెద్ద ఆర్పీజీలు వేటిలోనూ తెలుగు లేదు, ఇది నాకూ ఉన్న కడుపుమంటే. ప్రస్తుతానికి సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్ అక్షరాల సైజు పెంచండి. డైలాగ్ దానంతటది ముందుకు వెళ్లే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి, అప్పుడు మీరు బటన్ నొక్కేదాకా ఆగుతుంది. అర్థం కాని చోట ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి స్క్రీన్ మీద పెడితే తెలుగులో చూపిస్తుంది. అనువాదం కొన్నిసార్లు నవ్వు తెప్పిస్తుంది, అయినా పని నడుస్తుంది.

పైన మిర్యాలగూడ మిత్రుడికి చెప్పిన 'డిస్కో ఎలిసియం' మాత్రం మీరు ముట్టుకోవద్దు, అందులో పది లక్షలకు పైగా పదాలున్నాయి. 'బాల్డర్స్ గేట్ 3' (2023)లో మనం ఆడించే పాత్ర తప్ప మిగతావన్నీ నోటితోనే మాట్లాడతాయి, సినిమా చూసినట్టు వింటూ పోవచ్చు. అయితే దానికి 150 జీబీ ఎస్ఎస్‌డీ, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. తక్కువ చదువు, ఎక్కువ కొట్లాట కావాలంటే మన హైదరాబాద్ స్టూడియో ఓగర్ హెడ్ 2017లో చేసిన 'అసుర' ఉంది. కథ పల్చన, కత్తి తిప్పడం మాత్రం మజాగా ఉంటుంది.

మహబూబ్‌నగర్ నుంచి. మధ్యాహ్నం ఆడితే గంటకే గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. రాత్రి బాగానే ఉంటుంది. ల్యాప్‌టాప్ పాడైందా?

పాడవలేదు, వేడెక్కింది. ప్రాసెసర్ హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గదిలోనే నలభై రెండు డిగ్రీలుంటే దాని ఫ్యాన్ మాత్రం చల్లగాలి ఎక్కడినుంచి తెస్తుంది? పరుపు మీద పెట్టకండి, వెనకవైపు కాస్త ఎత్తు పెట్టండి, దుమ్ము దులిపించండి. గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌ను (సెకనుకు చూపే బొమ్మల సంఖ్య) 40కో 30కో కట్టేయండి, ఆర్పీజీలకు అది చాలు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో 'మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్' 99 శాతానికి తగ్గిస్తే టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగిపోయి చాలా ల్యాప్‌టాప్‌లలో వేడి బాగా తగ్గుతుంది. నీళ్ల కూలర్‌కు ఎదురుగా మాత్రం పెట్టకండి, గాలితో పాటు తడి కూడా లోపలికి పోతుంది.