పశువుల డాక్టరైతే నలుగురూ ఏమంటారు?

ప్రశ్న: మాది ఎల్బీ నగర్. అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నెల కిందట మా ల్యాబ్రడార్ ఈనినప్పుడు అన్నీ తనే చూసుకుంది. రోజూ రెండు పూటలా టెంపరేచర్ చూసి నోట్‌బుక్‌లో రాసేది. బలానికని నేను కాల్షియం టానిక్ పట్టబోతే వద్దంది. ఇప్పుడు వెటర్నరీయే చదువుతానని పట్టుబట్టింది. ఎంబీబీఎస్ కోసం ఏడాది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్చాలా, బీడీఎస్ (దంతవైద్యం) మంచిదా, బీవీఎస్సీకి (వెటర్నరీ డిగ్రీ) ఒప్పుకోవాలా? కుక్కలంటే అంత ఇష్టమైతే ఇంట్లోనే పిల్లల్ని పెట్టించి అమ్ముకోవచ్చు కదా అని మా అన్నయ్య అంటున్నారు.
– ఒక తండ్రి

జవాబు: మూడింటినీ పోల్చమన్నారు, కానీ మీ అసలు బెంగ అది కాదండీ. ‘పశువుల డాక్టర్’ అంటే బంధువులేమంటారు, రేపు సంబంధాలెలా వస్తాయి అన్నది. నా దగ్గరకొచ్చే బైపీసీ తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే టెన్షన్. బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎంబీబీఎస్ కూడా అంతే. పైగా ఇక్కడ నొప్పి ఎక్కడుందో పేషెంట్ నోరు విప్పి చెప్పదు. చిన్నతనం పడాల్సిన చదువు కాదిది.

ఆ నోట్‌బుక్ సంగతి మీరు మామూలుగా రాసేశారు. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. మామూలుగా 101 డిగ్రీలకు అటూఇటూ ఉండే టెంపరేచర్ 99 కిందికి దిగిందంటే సాధారణంగా ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. అమ్మాయి కనిపెట్టుకుని ఉన్నది దానికోసమే. కాల్షియం విషయంలోనూ తనదే రైటు. చూలుతో ఉన్నప్పుడు అదనంగా పోస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒంట్లో మందగిస్తుంది. తీరా పిల్లలు పాలు తాగే వారాల్లో తల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఇంత తెలుసుకున్న పిల్లను ఇష్టం లేని లాంగ్ టర్మ్‌లో ఏడాది కూర్చోబెడతారా?

మీ అన్నయ్యగారి సలహా మాత్రం వినకండి. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పెంపకందారు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఏడాదికి ఒక్క కాన్పు మించకూడదు, 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. రూల్స్ పక్కన పెట్టినా, ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టిస్తే ఆ మూగజీవం ఒళ్లు గుల్లవుతుంది. ఆ పని మీ కూతురి చేత చేయించాలని ఎలా అనిపించింది ఆయనకు?

అమ్మాయికి కూడా ఒక మాట చెప్పాలి. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పెట్ క్లినిక్‌లు చూసి ఈ కోర్సుకు వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మోజు మీద నాకు అనుమానాలున్నాయి. కాలేజీలో చదువు ఎక్కువగా గేదెలు, గొర్రెలు, కోళ్ల చుట్టూ తిరుగుతుంది. గేదె ఈనేటప్పుడు కడుపులో దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేయాలి. కుక్కపిల్లలు మాత్రమే కావాలనుకునేవాళ్లు అక్కడే నీరసపడిపోతారు. క్లినిక్‌లోనూ కాన్పు రాత్రులు అరుదు. రోజువారీ పని టీకాలు, నులిపురుగుల మందులు, పిడుదుల జ్వరాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాలు దాటేదాకా కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ జబ్బులకు విడతలవారీగా టీకాలు వేయించమని యజమానుల వెంట పడాలి. ఓపిక కావాలి. సొంత క్లినిక్ అంటే స్కానింగ్, ఎక్స్‌రే, రక్తపరీక్షల యంత్రాలకు పెట్టుబడీ కావాలి. మొదట్లో వేరేవాళ్ల దగ్గర తక్కువ జీతానికే చేయాల్సి రావచ్చు. అలాగని నాలుగు నెలల ‘పెట్ కేర్’ సర్టిఫికెట్‌తో సరిపెట్టొద్దు. వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ కానివాళ్లు వైద్యం చేయకూడదని 1984 చట్టం చెబుతోంది.

క్లినిక్ ఒక్కటే దారి కాదు. పశుసంవర్ధక శాఖ ఉంది, జూ ఉంది, టీకాల కంపెనీలున్నాయి, పీజీలో పశు గైనకాలజీ ఉంది. బీడీఎస్ గురించి ఎక్కువ చెప్పను, అమ్మాయి దాన్ని అడగనే లేదు.

కౌన్సెలింగ్‌లోపు ఒకసారి అమ్మాయిని ఏదైనా డెయిరీకి, ఒకసారి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ పేడ, రక్తం చూశాక కూడా ఇదే మాట మీద ఉంటే రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు మూడు వెటర్నరీ కాలేజీలూ ఆప్షన్లలో పెట్టించండి. రాజేంద్రనగర్ రాలేదని సీటు వదులుకోవద్దు.