లాంజరోటెలో విల్లాకు అడ్వాన్స్ పంపమంటున్నారు, వీసా ఇంకా రాలేదు. పంపవచ్చా?

ప్రశ్న: మేము డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. మావి ఇండియన్ పాస్‌పోర్టులు. రెండు కుటుంబాలం, పిల్లలతో కలిపి ఏడుగురం, సెలవులకు స్పెయిన్‌లోని లాంజరోటె దీవికి వెళ్లాలనుకుంటున్నాం. ప్లాయా బ్లాంకాలో స్విమ్మింగ్ పూల్ ఉన్న మూడు బెడ్‌రూముల విల్లా ఒక బుకింగ్ సైట్‌లో చూశాం. ఆరుగురికి అని రాసి ఉంది. ఎనిమిది రాత్రులకు 2,400 యూరోలు. ఓనరుకు మెసేజ్ పెడితే, సైట్ ద్వారా వద్దు, నేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే 2,000కే ఇస్తానంటున్నాడు. సగం ఇప్పుడే కట్టాలట, మిగతా సగం నెల ముందు. పైగా 400 యూరోల డిపాజిట్. అందరి పాస్‌పోర్టుల ఫొటోలు వాట్సాప్‌లో పంపమన్నాడు. షెంజెన్ వీసాకు ఇంకా అప్లై చేయలేదు. వీసా రాకపోతే మా డబ్బు వెనక్కి వస్తుందా? అది అగ్నిపర్వతాల దీవి కదా, సరిగ్గా మేము వెళ్లేటప్పుడు బద్దలైతే ఏమిటి పరిస్థితి?

జవాబు: ఇప్పుడు పంపకండి. ఆ ఓనరు మోసగాడని నేను అనడం లేదు. అతను ఎంత నిజాయితీపరుడైనా సరే, మీరు రాసిన పద్ధతిలో కడితే వీసా నిరాకరించిన రోజున అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

చాలామందికి ఒక భ్రమ ఉంది. యూరప్‌లో ఆన్‌లైన్‌లో ఏది కొన్నా 14 రోజుల్లో వద్దనుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చని. చెప్పులకు, ఫోన్లకు అది నిజమే. ఫలానా తేదీలకు అని బుక్ చేసిన బసకు ఆ హక్కు లేదు. యూరోపియన్ యూనియన్ 2011/83 డైరెక్టివ్ 16వ అధికరణంలోనే దానికి మినహాయింపు ఉంది. స్పెయిన్ వినియోగదారుల చట్టం (1/2007) 103వ అధికరణం కూడా అదే చెబుతుంది. అంటే విల్లా రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందన్నది పూర్తిగా మీరు ఒప్పుకున్న క్యాన్సిలేషన్ షరతు మీదే ఆధారపడి ఉంటుంది. ఓనరు వాట్సాప్‌లో రాసిన నాలుగు ముక్కల్లో ఆ షరతే లేదు.

మీకు వీసా రాకపోవడం అతని తప్పు కాదు. ఇల్లు ఖాళీగానే ఉంది, తాళం ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాను అంటాడు. చట్టం ప్రకారం ఆ మాట చెల్లుతుంది కూడా. ట్రావెల్ ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోకండి, వీసా నిరాకరణను చాలా పాలసీలు కవర్ చేయవు. కొనేముందు మినహాయింపుల పేజీ చదవండి.

కాబట్టి పని జరగాల్సిన వరస ఇది. ముందు ఇంటి లైసెన్సు చూడాలి, తర్వాత ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్, ఆ బుకింగ్ పత్రంతో వీసా, వీసా చేతికొచ్చాకే మిగతా డబ్బు. డబ్లిన్‌లో నివాస కార్డు ఉన్నా ఐర్లండ్ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు గనుక మీకు వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, అదే 45 రోజుల దాకా సాగవచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆ లోపు వాళ్లకు లేదు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత మరో మూడు నెలలు చెల్లాలి, ఇచ్చి పదేళ్లు దాటకూడదు. బస ఎక్కడో రుజువు అడుగుతారు. దానికి బుకింగ్ కన్ఫర్మేషన్ చాలు, అద్దె మొత్తం కట్టేసిన రసీదు అక్కర్లేదు. నిరాకరిస్తే నెలలోపు కాన్సులేటుకే పునఃపరిశీలన కోరవచ్చు, రెండు నెలల్లోపు మాడ్రిడ్ హైకోర్టుకూ వెళ్లవచ్చు. అవి తేలేసరికి మీ సెలవులు అయిపోతాయి, అందుకే వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఇక లైసెన్సు. లాంజరోటె ఉన్న కానరీ దీవుల్లో సెలవు ఇళ్లను ‘వివియెందా వకాసియోనాల్’ (వీవీ)గా ఆ దీవి కబిల్దోలో, అంటే దీవి స్థాయి ప్రభుత్వంలో, నమోదు చేయించాలి. నంబరు వీవీ-35-3 అని మొదలై ఆ తర్వాత అంకెలు వస్తాయి. 35 అంటే లాస్ పాల్మాస్ ప్రావిన్సు, 3 అంటే లాంజరోటె. లాంజరోటె ఇల్లని చెప్పి 38తో మొదలయ్యే నంబరు ఇస్తే అది తెనెరీఫె వైపు దీవులది, అక్కడే ఆగిపోండి. కొన్ని విల్లాలు వీవీ కాకుండా 142/2010 డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) కింద టూరిస్టు బసగా నమోదై ఉంటాయి, వాటి నంబరు వేరుగా ఉంటుంది. నంబరు ఏదైనా కానరీ టూరిజం రిజిస్టరులో చూసుకోవచ్చు. అక్కడి చిరునామా, సైట్‌లో మ్యాపు చూపించే చోటు, ఓనరు పంపిన చిరునామా, మూడూ కలవాలి. దీనికి తోడు, 2024 డిసెంబరు నాటి 1312/2024 రాయల్ డిక్రీ స్వల్పకాలిక అద్దె ప్రకటనలకు జాతీయ నంబరు ఒకటి 2025 జులై 1 నుంచి తప్పనిసరి చేసింది. ఓనరును రెండూ అడగండి. నిజమైన ఓనరు ఒక్క నిమిషంలో పంపుతాడు. మాట దాటేస్తే మీరూ దాటుకోండి.

ఆ రిజిస్టరులో ఇంకొకటి కూడా చూడాలి: ఎంతమందికి అనుమతి. ఆరుగురికి నమోదైన ఇంట్లో ఏడోవాడికి పరుపు వేసుకుంటాం అనేది మనవాళ్లకు మామూలే. స్పెయిన్‌లో చిన్నపిల్లలతో సహా ప్రతి అతిథి వివరాలూ పోలీసు వ్యవస్థకు వెళ్తాయి గనుక ఏడుగురని దాచడం కుదరదు. గుమ్మం దగ్గర లోపలికి రానివ్వకపోయినా, పూల్ దగ్గర ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసినా తప్పు మీదవుతుంది. ఏడుగురని ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

అతిథుల వివరాల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 933/2021 రాయల్ డిక్రీ ప్రకారం పేరు, పాస్‌పోర్టు నంబరు, జాతీయత, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను, పిల్లలకు మీరేమవుతారు లాంటి వివరాలు ఓనరు తీసుకోవాల్సిందే. 14 ఏళ్లు దాటినవాళ్లు సంతకం పెట్టాలి, ఆ రికార్డును అతను మూడేళ్లు దాచాలి. అతనికి కావలసింది వివరాలే గానీ పాస్‌పోర్టు ఫొటో కాదు. బస ఇచ్చేవాళ్లు గుర్తింపు పత్రం కాపీ అడగకూడదని స్పెయిన్ డేటా రక్షణ సంస్థ 2025 జూన్‌లో స్పష్టంగా చెప్పింది. దిగిన రోజు పాస్‌పోర్టు చూపించి సరిపోల్చుకోనివ్వండి. ఏడు పాస్‌పోర్టుల ఫొటోలు ముక్కూ మొహం తెలియని వాట్సాప్ నంబరుకు పంపడం, 1,000 యూరోలు పోగొట్టుకోవడం కన్నా నాకు ఎక్కువ కంగారు పెట్టే విషయం.

డబ్బు కట్టే దారి దగ్గరకు వద్దాం. సైట్‌లో దొరికిన ఇంటికి సైట్ బయట కట్టమంటే, ఆ సైట్ ఇచ్చే హామీలన్నీ ఆ క్షణమే పోతాయి. కార్డుతో కడితే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన సొమ్ము వెనక్కి, అడిగే వీలుంటుంది. ట్రాన్స్‌ఫర్‌కు అది లేదు, అవతలి ఖాతాలో పడిన సొమ్మును వెనక్కి లాగడం దాదాపు అయ్యే పని కాదు. ఎలాగూ ట్రాన్స్‌ఫరే చేయాల్సివస్తే, స్పెయిన్ ఐబాన్ (బ్యాంకు ఖాతా నంబరు) ఈ.ఎస్. అక్షరాలతో మొదలై మొత్తం 24 అక్షరాలు, అంకెలు ఉంటుందని గుర్తుంచుకోండి. 2025 అక్టోబరు 9 నుంచి యూరో ప్రాంతపు బ్యాంకులు పేరు, ఐబాన్ కలుస్తున్నాయో లేదో డబ్బు కదిలే ముందే చెప్పాలి. మీ ఐరిష్ బ్యాంకు యాప్‌లో ‘పేరు కలవలేదు’ అని వస్తే, ‘ఖాతా మా చెల్లెలిది’ లాంటి కారణాలు వినకండి. మోసమని తేలితే స్పెయిన్‌లో అది ‘ఎస్తాఫా’ నేరం. 400 యూరోలు దాటితే శిక్ష ఎక్కువ. కేసు పెట్టినంత మాత్రాన డబ్బు తిరిగి రాదనుకోండి.

ఓనరు మంచివాడే, నేరుగానే తీసుకుంటాం అంటే సంతకాలతో ఒప్పందం ఉండాలి. అందులో వీసా షరతు ఇలా రాయించండి: ‘‘అతిథుల్లో ఏ ఒక్కరికైనా స్పెయిన్ కాన్సులేట్ వీసా నిరాకరించినా, ప్రయాణానికి పది రోజుల ముందు వరకు నిర్ణయం రాకపోయినా, దాని రుజువు ఏడు రోజుల్లో పంపితే, కట్టిన సొమ్ము మొత్తం పద్నాలుగు రోజుల్లో, కట్టిన ఖాతాకే తిరిగి ఇవ్వాలి.’’ ఇందులో ‘ఏ ఒక్కరికైనా’ అన్న మాట జారిపోనివ్వకండి. ‘అతిథులకు వీసా రాకపోతే’ అని మాత్రమే ఉంటే, ఏడుగురిలో ఒక పాపకే ఆగిందనుకోండి, మిగతా ఆరుగురు రావచ్చు కదా అని అతను వాదిస్తాడు. నిర్ణయం ఆలస్యమవడం కూడా ఉండాలి. ఆలస్యం నిరాకరణ కాదు కదా.

ఓనరు ఇచ్చే ఒప్పందంలో ‘మీరు రద్దు చేస్తే మొత్తం మాదే’ అని ఉండి, అతను రద్దు చేస్తే మీకేమిస్తాడో లేకపోతే, అలాంటి ఒకవైపు షరతు 1/2007 చట్టం 87వ అధికరణం కింద చెల్లదు. కానీ ఈ రక్షణ అవతలివాడు వ్యాపారంగా అద్దెకిస్తున్నప్పుడే. ఏడాదికి నాలుగు వారాలు సొంతిల్లు అద్దెకిచ్చేవాడి మీద వినియోగదారుల చట్టం వర్తించకపోవచ్చు, అప్పుడు స్పెయిన్ సాధారణ పౌర చట్టం, సివిల్ కోడే గతి.

డిపాజిట్ (అక్కడ ‘ఫియాన్సా’ అంటారు) విషయంలో స్పెయిన్ అద్దె చట్టం మీకు ఉపయోగపడదు, టూరిస్టు బసను 29/1994 చట్టం 5వ అధికరణం పరిధి నుంచి తప్పించింది. ఏ నష్టానికి కోత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, రెండూ ఒప్పందంలోనే ఉండాలి. నగదు కన్నా కార్డు మీద హోల్డ్ (సొమ్ము తీసుకోకుండా ఆపి ఉంచడం) మేలు. దిగిన గంటలో ఆపకుండా ఒకే వీడియో తీయండి: గ్లాసు స్టవ్ పైభాగం, పూల్ అంచు టైల్స్, ఎండ కుర్చీలు, తలుపుల, కిటికీల రెక్కలు. అక్కడ గాలి జోరు ఎక్కువ, రెక్క కొట్టుకుని పగిలితే బిల్లు మీ మీదకు వస్తుంది. వెళ్లేటప్పుడు అదే వరసలో మళ్లీ తీయండి. పూల్ హీటింగుకు విడిగా డబ్బు అడిగితే ఎన్ని డిగ్రీలో, ఏ రోజు నుంచో రాయించుకోండి. మీరు దిగాక ఆన్ చేస్తే నీళ్లు వేడెక్కడానికి ఒకటి రెండు రోజులు పోతాయి. ఏ లోపం కనిపించినా ఆ రోజే రాతలో తెలపండి, చివరి రోజు చెబితే ‘ఎనిమిది రోజులూ వాడుకున్నారుగా’ అంటారు. ఇంట్లో ‘ఓహాస్ దె రెక్లమాసియోనెస్’ అనే అధికారిక ఫిర్యాదు పత్రాలు ఉండాలి, అడిగి తీసుకుని రాయండి.

అగ్నిపర్వతం భయం సహజమే గానీ, లాంజరోటెలో చివరి విస్ఫోటనం 1824లో. ఆ దీవిలోని తిమాన్‌ఫాయా అగ్నిపర్వత ప్రాంతపు నల్లనేల ముఖ్యంగా 1730 నుంచి 1736 దాకా సాగినదాని ఫలితం. 2021లో బద్దలైంది లా పాల్మా, కానరీ దీవుల్లో అటు చివర ఉన్న దీవి. అది సెప్టెంబరు 19న మొదలై 85 రోజులు సాగింది. మీ ప్రయాణాన్ని ఆపే అవకాశం ఎక్కువ ఉన్నది సహారా నుంచి వచ్చే కాలిమా ధూళి, 2020 ఫిబ్రవరిలో అది కానరీ విమానాశ్రయాలను మూయించింది. ఏ కారణమైనా చట్టం ఒక్కటే. విమానం, విల్లా ఒకే సంస్థ దగ్గర ఒకే ధరకు తీసుకుంటే అది ప్యాకేజీ: గమ్యంలో తప్పించలేని అసాధారణ పరిస్థితి వస్తే రుసుం లేకుండా రద్దు చేసుకోవచ్చు, 14 రోజుల్లో మొత్తం వెనక్కి ఇవ్వాలి. విడివిడిగా కొంటే, విమానం రద్దయినప్పుడు దాని డబ్బు విమాన సంస్థ ఇస్తుంది, విల్లా డబ్బు మాత్రం ఇల్లు అందుబాటులో ఉన్నంతవరకు ఓనరు ఇవ్వనవసరం లేదు. ఆ ఇంటినే ఖాళీ చేయించినప్పుడు కథ వేరు: సివిల్ కోడ్ 1105 అతన్ని నష్టపరిహారం నుంచి తప్పిస్తుంది గానీ, ఇవ్వని బసకు అద్దె ఉంచుకోమని చెప్పదు. తిరుగు విమానం రద్దయి అక్కడే చిక్కుకుంటే, దాని కారణం ఏదైనా భోజనం, హోటల్ విమాన సంస్థే చూడాలి. బిల్లులు దాచండి.

కారు తీసుకుంటే ఒప్పందంలో ‘తారు లేని రోడ్డు’ షరతు చూడండి. పపగాయో బీచులకు వెళ్లే దారి మట్టిరోడ్డు. అక్కడ టైరు, కారు అడుగుభాగం దెబ్బతింటే ఫుల్ ఇన్సూరెన్సు అని అమ్మినదీ చాలాసార్లు వర్తించదు. లావా రాళ్లు జ్ఞాపకంగా జేబులో వేసుకురాకండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

గొడవ ముదిరితే? యూరోపియన్ యూనియన్ ఆన్‌లైన్ వివాదాల వేదిక 2025 జులై 20న మూసేశారు, ఇంకా దాని లింకు ఇచ్చేవాళ్లను నమ్మకండి. మీరు ఐర్లండ్‌లో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది: 5,000 యూరోల లోపు క్లెయిములకు యూరోపియన్ స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి ఉంది, ఫారం నింపి పత్రాలు జతచేసి పంపితే చాలు, లాయరు తప్పనిసరి కాదు. విల్లా లాంజరోటెలో ఉంది గనుక మామూలుగా అది వేయాల్సింది అక్కడి అర్రెసిఫె కోర్టులో. దానికి ముందు ఓనరుకు రసీదు వచ్చేలా ఒక నోటీసు పంపండి.

ప్రస్తుతానికి ఓనరుకు ఈ మెసేజ్ చాలు: ‘‘సైట్ ద్వారానే బుక్ చేస్తాం. వీవీ నంబరు, జాతీయ నంబరు పంపండి. మేము ఏడుగురం, ఇంటికి అంత అనుమతి ఉందా?’’ ఏడుగురికి అనుమతి లేదంటే నాలుగు బెడ్‌రూముల ఇల్లు వెతకండి, ఉచిత రద్దు గడువు మీ వీసా నిర్ణయం తేదీ దాటి ఉండేది చూసుకోండి.