దేశం వదిలిన రచయితల జీవిత భాగస్వాములకి సంస్కృతుల రాకపోకల్లో నిజంగా పాత్ర ఉందా?

మీరు అడిగింది ఇది: దేశం వదలాల్సి వచ్చిన రచయితల వల్ల ఒకచోటి సాహిత్యం, అలవాట్లు ఇంకోచోటికి ఎలా చేరతాయి, అందులో వాళ్ళ భార్యకో భర్తకో చెప్పుకోదగ్గ పాత్ర ఉందా, లేక అది వ్యాసాల్లో మర్యాదకి రాసే వాక్యమేనా? ఉత్తరాంధ్ర వైపు ఎవరికైనా స్వానుభవం ఉంటే చెప్పమన్నారు కూడా. మాది శ్రీకాకుళం. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా మామ్మ రంగూన్‌లో పుట్టిన మనిషి. అందుకని ఈ సంగతి నాకు పుస్తకాల్లోనూ తెలుసు, ఇంట్లోనూ తెలుసు.

పాత్ర ఉంది. చాలాసార్లు రచయిత కంటే ముందు వాళ్ళదే ఉంది. కొత్త దేశంలో దిగాక కూడా రచయిత తన పాత భాషలోనే ఉండిపోగలడు, రాసేది అందులోనే కదా. కానీ అద్దె ఇల్లు మాట్లాడాలి, కూరలు బేరమాడాలి, పిల్లల్ని బడిలో వెయ్యాలి, డాక్టరుకి ఏం నొప్పో చెప్పాలి, పబ్లిషర్‌కి ఉత్తరం రాయాలి. ఇవన్నీ కొత్త భాషలోనే జరగాలి. ఆ బరువు ఎక్కువగా భార్య మీదే పడుతూ వచ్చింది. ఆ దేశపు మాట, మర్యాద, హాస్యం, కోపం ఆవిడ చేతిమీదుగానే ఇంట్లోకి వస్తాయి. ఇంట్లో రాసిన కవిత్వం బయటికి వెళ్ళేది కూడా చాలాసార్లు ఆవిడ వల్లే.

మా తాతగారు కుర్రతనంలో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. అప్పట్లో మన వైపు నుంచి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పనికి చాలామంది వెళ్ళేవారు. ఆయన అక్కడి తెలుగు పిల్లలకి చదువు చెప్పేవారు, పద్యాలు రాసుకునేవారు, చదువురాని కూలీలకి ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేవారు. మామ్మ అక్కడి తెలుగు కుటుంబంలోనే పుట్టి పెరిగింది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాత దుకాణాలు జాతీయం చేశారు, 1964లో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఆ ఏళ్ళలో లక్షల మంది భారతీయులు బర్మా వదిలేశారు. మావాళ్ళూ అప్పుడే వచ్చారు. తాతగారికి అది సొంతూరు చేరుకోవడం. మామ్మ మాత్రం పుట్టిన ఊరు వదిలి, ఎన్నడూ చూడని అత్తవారి ఊరికి వచ్చింది. మా ఇంట్లో రాసే మనిషి ఒకరు, దేశం పోగొట్టుకున్న మనిషి ఇంకొకరు.

గుజరాతీపేటలో అద్దెకి దిగారట. సాయంత్రం అరుగు మీద మామ్మ కథలు చెప్పేది. అవి ఆవిడ రంగూన్ బజారులో, బర్మా ఇరుగుపొరుగుల ఇళ్ళలో విన్న కథలు. తాతగారికి బర్మా భాష అవసరానికి మించి రాదు, ఆవిడకి రెండూ ఒకేలా వచ్చు. ఆవిడ చెప్తుంటే ఆయన నోట్‌బుక్కుల్లో తెలుగులో రాసుకునేవారు. వాటిలో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. అట్ట మీద ఆయన పేరు, లోపల ప్రతి కథా ఆవిడది.

అందులో ఒక కథ గురించి ఇద్దరూ వాదించుకోవడం మా నాన్నగారు విన్నారట. బోనులో పడ్డ పులిని ఒక మనిషి విడిపిస్తాడు, పులి అతన్నే తింటానంటుంది, తీర్పు చెప్పడానికి ఒక తెలివైన జంతువు వస్తుంది. మనం విన్న కథలో ఆ జంతువు నక్క. బర్మా కథల్లో తీర్పరి కుందేలు. తాతగారు "నక్కని పెట్టేద్దాం, మనోళ్ళకి బాగా తెలుసు" అన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "కుందేలేనండీ. మా ఊళ్ళో తీర్పు చెప్పేది కుందేలే. నక్కని పెడితే అది మీ కథే అయిపోతాది, మరి నేను చెప్పడం దేనికి?" అంది. నోట్‌బుక్కులో కుందేలే ఉంది. ఒక కథ దేశం మారేటప్పుడు ఏది మార్చవచ్చో ఏది మార్చకూడదో ఆ అరుగు మీద తేల్చింది ఆవిడే. నేను క్లాసుల్లో అనువాదం గురించి ఎన్ని పాఠాలు చెప్పినా ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

వంట దగ్గర మాత్రం ఆవిడ సర్దుకుంది. బర్మావాళ్ళు పొద్దున్నే తినే మొహింగాకి చేపల పులుసు, అరటి దవ్వ, బియ్యపు నూడుల్స్ కావాలి. చేపలకీ దవ్వకీ మనకేం కరువు! నూడుల్స్ దొరక్క సన్న సేమ్యా వేసి, పులుసుని శనగపిండితో చిక్కచేసేది. మా వీధిలో కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ అలా చేస్తారు, అది బర్మా వంటకమని తెలియకుండానే.

ఇక పుస్తకాల్లోకి వస్తాను. మీరు ఒక్క జీవితమే చదవగలిగితే మ్యునెవ్వర్ అండాచ్ జీవితం చదవండి. టర్కీ కవి నాజిమ్ హిక్మెత్ సహచరి ఆవిడ. పన్నెండేళ్ళు జైల్లో ఉన్న హిక్మెత్ 1950లో విడుదలయ్యాడు, 1951లో ప్రాణభయంతో దేశం దాటి మాస్కో చేరాడు. ప్రభుత్వం అతని పౌరసత్వం తీసేసింది. అప్పటికి వాళ్ళ బాబు ఇంకా పసివాడు. తల్లీబిడ్డలు పదేళ్ళు పోలీసుల నిఘాలో బతికారు. 1961లో వాళ్ళని పడవలో దాటించడానికి సాయపడింది జాయిస్ లుస్సు అనే ఇటాలియన్ రచయిత్రి. ఆవిడ ఎవరంటే, ముస్సోలినీ ప్రభుత్వం తనని బంధించిన ద్వీపం నుంచి 1929లో తప్పించుకుని ఫ్రాన్స్‌లో తలదాచుకున్న రచయిత ఎమిలియో లుస్సు భార్య. హిక్మెత్ కవితల్ని ఇటాలియన్‌లోకి తెచ్చిందీ ఆవిడే. టర్కిష్ రాకపోయినా, కవితో ఫ్రెంచిలో మాట్లాడుతూ, ఒక్కో పంక్తీ అడిగి తెలుసుకుంటూ చేసింది. దేశం వదలడం అంటే ఏమిటో తన సంసారంలో తెలిసిన ఒక స్త్రీ ఇంకొక స్త్రీని గట్టు చేర్చింది.

మ్యునెవ్వర్ బయటపడేసరికి హిక్మెత్ మాస్కోలో వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఇక్కడే నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపు అవుతుంది. ఆవిడ తర్వాత పారిస్‌లో ఉండి హిక్మెత్‌ని ఫ్రెంచిలోకి అనువదించింది. అంతటితో ఆగలేదు, టర్కీ నవలాకారులు యాషార్ కెమాల్‌నీ ఓర్హాన్ పాముక్‌నీ కూడా ఫ్రెంచి పాఠకులకి అందించింది. కాపురం ముగిసింది, పని ముగియలేదు. ఇలాంటి మనిషిని "కవి భార్య" అన్న రెండు మాటల్లో సరిపెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

స్పానిష్ కవి హువాన్ రమోన్ హిమెనెస్ భార్య సెనోబియా కంప్రూబి మనకి ఇంకా దగ్గరిది, ఎందుకంటే ఆవిడ మన ఠాగూర్‌ని స్పానిష్‌లోకి తీసుకెళ్ళింది. తల్లి ప్యూర్టోరికో మనిషి కావడంతో చిన్నప్పటి నుంచే ఇంగ్లీషు వచ్చు. 1915 నుంచి ఠాగూర్ ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కొక్కటీ ఆవిడ అనువదిస్తే, భర్త స్పానిష్ వాక్యానికి కవిత్వపు నడక చూసేవాడు. లాటిన్ అమెరికాలో ఒక తరం ఠాగూర్‌ని చాలావరకు వీళ్ళ స్పానిష్‌లోనే చదివింది. 1936లో అంతర్యుద్ధం వచ్చాక ఇద్దరూ దేశం వదిలారు. క్యూబా, అమెరికా, చివరికి ప్యూర్టోరికో. ఆయన తరచూ దిగులుతో మంచం పట్టేవాడు. ఆవిడ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ ఇల్లు నడిపింది, డైరీలు రాసింది, ఆయన కాయితాలు సర్దింది. 1956 అక్టోబరు 25న ఆయనకి నోబెల్ ప్రకటించారు. మూడు రోజులకే ఆవిడ క్యాన్సర్‌తో పోయింది.

పాకిస్తాన్ ఉర్దూ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన భార్య ఆలిస్ లండన్‌లో పుట్టిన ఆంగ్ల మహిళ. ఫైజ్ 1951 నుంచి 1955 వరకు జైల్లో ఉన్నప్పుడు ఉద్యోగం చేసి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. జైలు నుంచి ఆయన ఆవిడకి రాసిన ఉత్తరాలు ఇంగ్లీషులో ఉండేవి, తర్వాత వాటిని ఉర్దూలో పుస్తకంగా వేశారు. అంటే ఒక ఉర్దూ గ్రంథం ఇంగ్లీషు భార్య కోసం రాసిన మాటల్లోంచి పుట్టింది. పాకిస్తాన్‌లో జనరల్ జియా సైనిక పాలనలో ఫైజ్ బీరుట్ వెళ్ళి ఆసియా, ఆఫ్రికా రచయితల పత్రిక లోటస్ నడిపినప్పుడు కూడా ఆవిడ వెంట ఉంది.

రష్యన్ కవి మాండెల్‌స్టామ్ భార్య నదేజ్దా కథ నా విద్యార్థులకి బాగా పట్టేది. భర్త 1938లో లేబర్ క్యాంపుల దారిలో చనిపోయాక, కాయితం మీద ఉంచడానికి భయపడాల్సిన కవితల్ని ఆవిడ కంఠస్థం చేసి కాపాడింది. పొట్టకూటికి చిన్న చిన్న ఊళ్ళలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. చిన్న ఊళ్ళో ఇంగ్లీషు చెప్పుకునే నాకు ఆ మాట చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. ఆవిడ జ్ఞాపకాలు 1970లో విదేశాల్లో అచ్చయ్యాకే ఆ కవి బతుకూ చావూ ప్రపంచానికి పూర్తిగా తెలిశాయి.

నష్టం లెక్క కూడా రాయండి, దాన్ని త్యాగమని పొగిడి వదిలెయ్యకండి. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ భార్య హెలెనె వైగెల్ పెద్ద నటి. 1933లో జర్మనీ వదిలాక బ్రెహ్ట్ ఎక్కడున్నా జర్మన్‌లో నాటకాలు రాసుకోగలిగాడు. నటికి మాత్రం ఆ భాష తెలిసిన ప్రేక్షకులు కావాలి. దాదాపు పదిహేనేళ్ళు ఒకటి రెండు నాటకాలు తప్ప ఆవిడకి వేదికే దొరకలేదు. 1949లో తూర్పు బెర్లిన్‌లో నాటక సంస్థకి అధిపతి అయ్యాక గానీ ఆవిడ సత్తా మళ్ళీ కనబడలేదు.

మన దగ్గర వెతకాలంటే ఇచ్ఛాపురం దాటగానే ఉన్న బరంపురం నుంచి మొదలుపెట్టండి. ఉప్పల లక్ష్మణరావు గారు అక్కడ పుట్టారు, జర్మనీలో చదివారు, స్విస్ మహిళని పెళ్ళి చేసుకున్నారు, మాస్కోలో ఉండి ఎన్నో రష్యన్ పుస్తకాలు తెలుగు చేశారు. ఆయన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు, అది ఆయన ఎంచుకున్న దారి. కాబట్టి మీ అంశానికి పక్కనే ఉంటుంది తప్ప లోపలికి రాదు. అయినా ఆయన ఆత్మకథ "బతుకు పుస్తకం", నవల "అతడు-ఆమె" రెండూ చదవాలి. ఆలుమగలు రెండు వేర్వేరు బుర్రలతో ఆలోచిస్తారని ఆ నవలంత ఓపిగ్గా చూపించినవి తెలుగులో తక్కువ. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథారచయిత కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి కూడా వెళ్ళండి. అనువాద కథ కనిపించినప్పుడల్లా అది ఏ భాష మీదుగా తెలుగుకి వచ్చింది, మధ్యలో ఎవరి చెయ్యి పడింది అని రాసుకోండి.

అంతకంటే తొందరగా చెయ్యాల్సిన పని ఒకటుంది. బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు మన జిల్లాల్లోనూ, విశాఖలో కంచరపాలెం బర్మా క్యాంపు దగ్గరా ఇంకా ఉన్నాయి. 1964లో పదేళ్ళ పిల్లలుగా వచ్చినవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటాయి. వెళ్తే ముందు మగవాళ్ళు మాట్లాడతారు, ఓడ పేరు, ఉద్యోగం, పోయిన ఆస్తి చెప్తారు. అవి రాసుకున్నాక ఆడవాళ్ళతో విడిగా, వంటింట్లోనో పెరట్లోనో కూర్చోండి. బర్మా భాష ఇంట్లో ఎవరికి బాగా వచ్చేదో అడగండి. పిల్లలకి ఏ కథలు చెప్పేవారో, ఇక్కడికొచ్చాక వాటిలో ఏం మార్చారో అడగండి. ఫోన్లో రికార్డు చేసే ముందు వాళ్ళని అడిగి చెయ్యండి. మా ఇంటి నోట్‌బుక్కు చూడాలనుకుంటే ఈ జవాబు కింద రాయండి, స్కాన్ చేసి పంపిస్తాను.