మీ ప్రశ్న – మా జవాబు: ఫ్లాట్లు వచ్చాయి, బడి ఏది?

ప్రశ్న: విశాఖలో కొమ్మాది వైపు మూడేళ్ల కిందట ఫ్లాట్ కొనుక్కున్నాం. అప్పుడు చుట్టూ ఖాళీ జాగాలే. ఇప్పుడు మా రోడ్డులోనే పన్నెండు అపార్ట్‌మెంట్లు, దగ్గర దగ్గర 1,200 ఫ్లాట్లు. మా పాప ఒకటో తరగతి. స్కూలు బస్సు ఏడుంబావుకే వచ్చేస్తుంది, ఇడ్లీ నోట్లో ఉండగానే ఎక్కించేస్తాను. పోయిన వానాకాలం మామగారికి రాత్రిపూట జ్వరం ముదిరితే ఊళ్లో ఉన్న పెద్దాస్పత్రి కేజీహెచ్ దాకా పరుగెత్తాం. ఊరు ఇంత పెరుగుతుంటే బడి, ఆస్పత్రి గురించి ఎవరూ ముందే ఆలోచించరా? మేం ఎవరిని అడగాలి?
– ఒక గృహిణి

జవాబు: ఆలోచించాల్సిన వాళ్లు ఉన్నారమ్మా, కాకపోతే తలా ఒక ఆఫీసులో ఉన్నారు. ప్లాన్లు పాస్ చేసేది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్, మాస్టర్ ప్లాన్ గీసేది వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ), బడి పెట్టేది విద్యాశాఖ, అర్బన్ హెల్త్ సెంటర్ పెట్టేది ఆరోగ్యశాఖ. మీ పక్క అపార్ట్‌మెంటుకు పర్మిషన్ ఇచ్చిన రోజునే అందులో ఎన్ని ఫ్లాట్లో ఫైల్లో రాసి ఉంటుంది. పునాదులు తీసి, స్లాబులు వేసి, మీరు పాలు పొంగించేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. అంటే బడి కట్టడానికి అంత టైమూ చేతిలో ఉన్నట్టే. కానీ ఆ అంకె ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నడవదు, నాకు కోపం వచ్చేది అక్కడే. విద్యాశాఖ, ఆరోగ్యశాఖ జనాభా అనగానే జనగణన వైపు చూస్తాయి. చివరిసారి జనాన్ని లెక్కపెట్టింది 2011లో. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి 2027కు వెళ్లింది. మీ రోడ్డు 2011లో లేనే లేదు కదా.

మీ రోడ్డు లెక్కే వేద్దాం. ఇంటికి నలుగురు చొప్పున 4,800 మంది. కేంద్రం పట్టణ ప్రణాళికల కోసం ఇచ్చిన 2014 మార్గదర్శకాల్లో 5,000 మందికి ఒక ప్రాథమిక పాఠశాల, దానికి సుమారు ఎకరం జాగా ఉండాలని ఉంది. 15,000 మందికి ఒక డిస్పెన్సరీ. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ అయితే 50,000 మందికి ఒక అర్బన్ పీహెచ్‌సీ, అంటే పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఉండాలంటుంది. విద్యాహక్కు చట్టం నిబంధనలు ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలంటాయి. అంటే మీ ఒక్క రోడ్డుకే ఒక బడి బాకీ ఉన్నారు. వెయ్యి మందికి ఏడాదికి పదిహేను కాన్పులు అనుకున్నా ఏటా డెబ్బై మంది పిల్లలు, కొత్త ఫ్లాట్లలో కొత్త జంటలే ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువే. సెక్షన్‌కు 30 మంది చొప్పున ఏటా ఒకటో తరగతిలోనే రెండు మూడు సెక్షన్లు కావాలి. ఈ లెక్కలో వాచ్‌మన్ల పిల్లలు, మీ ఇళ్లలో పనిచేసే వాళ్ల పిల్లలు లేరు, వాళ్లనీ కలపండి.

ముందు జాగా పట్టుకోండి. బిల్డింగుకు డబ్బులు ఏదో ఒక ఏడాది బడ్జెట్లో వస్తాయి, మీ వైపు ఎకరం జాగా మాత్రం ఇంకో రెండేళ్లు పోతే దొరకదు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. మా కాలనీ లేఅవుట్ బ్లూప్రింట్ మడతల దగ్గర చిరిగిపోయి ఉంటుంది, అయినా ఒక మూల 'స్కూల్ సైట్' అన్న అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మేం పదేళ్లు రోడ్డు కోసం, డ్రైనేజీ కోసం తిరిగాం కానీ ఆ మూలకు కంచె వేయించలేదు. మొదట నీళ్ల ట్యాంకర్లు పెట్టుకున్నారు, తర్వాత రేకుల షెడ్లు లేచాయి, ఇప్పుడక్కడ ఎవరిదో ప్రహరీ గోడ. మా పిల్లలూ మీ పాపలాగే బస్సెక్కారు.

కాబట్టి జీవీఎంసీకి సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. అడగాల్సింది రెండే: ఐదేళ్లలో మీ వార్డులో ఎన్ని ఫ్లాట్లకు అనుమతి ఇచ్చారు, లేఅవుట్లలో కార్పొరేషన్‌కు రాసిచ్చిన స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితాలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌ కార్యక్రమానికి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, పన్నెండు అసోసియేషన్ల సంతకాలూ ఉండాలి. హెల్త్ సెంటర్ కావాలంటే మాత్రం పక్క వార్డుల్నీ కలుపుకోవాలి, మీ 4,800తో 50,000 లెక్క తేలదు.

ప్రశ్న: మా కాలనీ పార్కు పిచ్చి మొక్కలతో నిండిపోయింది. ఆ జాగాను ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇప్పిస్తే అందరికీ ఉపయోగమే కదా?
– కాలనీ సంఘం సభ్యుడు

జవాబు: వద్దండి. బెంగళూరులో సరిగ్గా ఇలాగే పార్కు జాగాను ప్రైవేటు ఆస్పత్రికి కేటాయిస్తే కాలనీవాళ్లు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. పార్కును పార్కుగా బాగు చేయించుకోండి, ఆస్పత్రికి వేరే జాగా అడగండి. మీ పెద్దవాళ్లు పొద్దున నాలుగడుగులు నడవడానికీ చోటు కావాలి కదా, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు అదీ వైద్యమే.

ప్రశ్న: నేను అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌ని, మాది శ్రీకాకుళం జిల్లా. బాబుకు టీసీ తేలేదు. ఇక్కడ బడిలో చేర్చుకుంటారా?

జవాబు: చేర్చుకోవాలి తమ్ముడూ. టీసీ ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ బాబును వెనక్కి పంపకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. చదువు మధ్యలో ఆగిపోయినా వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. కాదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. అలాగే మీ వార్డు సచివాలయంలో ఏఎన్‌ఎమ్మును కలిసి బాబు టీకాల కార్డు చూపించండి. కార్డు పోయినా వెళ్లండి, ఏయే టీకాలు పడ్డాయో గుర్తున్నంత వరకు చెబితే మిగతావి ఎప్పుడు వేయించాలో ఆవిడ చెబుతారు.