యాసిడ్ కన్నా ముందు నాలుగు నీటి చుక్కలు

ప్రశ్న: మా కారు షెడ్డులో కాంక్రీట్ గచ్చు వేయించి రెండేళ్లయింది. పైన సీలర్ (నీళ్లు, నూనె ఇంకకుండా వేసే పూత) వేద్దామంటే, గచ్చు మరీ నున్నగా ఉంది, ముందు యాసిడ్‌తో కడగాలంటున్నాడు మేస్త్రీ. ఈ పని మేమే చేసుకోవచ్చా? ఆ పొగ, ఘాటు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. షెడ్డుకు ఇనుప షట్టర్ ఉంది.

జవాబు: చేసుకోవచ్చు. కానీ ఆ భయాన్ని మాత్రం వదులుకోకండి.

ముందు గచ్చు మీద అక్కడక్కడా నీటి చుక్కలు వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే యాసిడ్ అవసరం లేకపోవచ్చు. ఇంకకుండా పూసల్లా నిలబడితే కింద నూనో, పాత సీలరో ఉన్నట్టు. యాసిడ్ సిమెంట్‌లోని సున్నాన్ని తింటుంది గానీ జిడ్డును ముట్టుకోదు. కాబట్టి ఇంజిన్ ఆయిల్ మరకలను డిగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రావకం) రుద్ది కడిగాకే యాసిడ్ సంగతి. పాత సీలర్ ఉంటే గ్రైండింగ్, అంటే మెషీన్‌తో పైపొరను అరగదీయించడమే మేలు.

నా దగ్గర పనికి చేరే కుర్రాళ్లకు మొదట నేర్పేది ఒకటే: ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు, తరవాత యాసిడ్. ఈ వరస తిరగేస్తే వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడే) 1 వంతుకు నీళ్లు 3 లేదా 4 వంతులు అన్నది మామూలు లెక్క. డబ్బా మీద వేరేగా ఉంటే దాన్నే పాటించండి. కళ్లను పూర్తిగా మూసే గాగుల్స్, రబ్బరు గ్లౌజులు, బూట్లు ఉండాలి. దుమ్ముకు కట్టుకునే మాస్కు యాసిడ్ పొగను ఆపదు, యాసిడ్ ఆవిరి కోసం చేసిన కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి. బ్లీచింగ్ పౌడర్‌ను దరిదాపుల్లోకి రానివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

షట్టర్ మాటకొస్తే, యాసిడ్ తగలకపోయినా దాని ఆవిరికే ఇనుము తుప్పు పడుతుంది. షట్టర్ పూర్తిగా ఎత్తి, కారు, పనిముట్లు బయట పెట్టండి. గాలి ఆడకపోతే యాసిడ్ ఆలోచనే మానుకోండి.

గచ్చును తడిపి, నీళ్లు నిలవకుండా తుడిచి, నీళ్లు కలిపిన యాసిడ్‌ను కొంచెం కొంచెం మేర పోస్తూ వెళ్లండి. సన్నగా బుసబుసమని నురగ రావాలి. రాని చోట ఇంకా జిడ్డు ఉంది, మళ్లీ కడగాల్సిందే. పోసిన యాసిడ్ ఆరిపోకూడదు. నురగ తగ్గగానే బ్రష్‌తో రుద్ది కడిగేయండి.

చాలామంది తొందరపడేది ఇక్కడే. వంటసోడా కలిపిన నీళ్లు పోసి చూడండి, పొంగితే యాసిడ్ ఇంకా మిగిలి ఉంది. పొంగు ఆగాక మంచినీళ్లతో రెండుమూడు సార్లు కడగండి. ఆరాక అరచేత్తో రాస్తే సన్న గరుకు కాగితంలా తగలాలి, చేతికి తెల్లపొడి అంటకూడదు. అంటితే మళ్లీ రుద్ది కడగాలి.

చివరగా, మూరెడు ప్లాస్టిక్ షీటును నాలుగువైపులా టేపుతో అతికించి రాత్రంతా ఉంచండి. పొద్దున దాని కింద చెమ్మ కనిపిస్తే సీలర్ డబ్బా తెరవకండి, ఇంకా ఆరనివ్వండి.